ఎవరు అరుస్తారో చూద్దాం

సర్వర్ గదిలో మూడు మెషీన్లు దేనికోసం తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదు.

అది నీళ్ళ మోటార్లు తయారుచేసే కంపెనీ. ఆరంతస్తుల మేడ, కింద ఏసీ గది, అందులో బీరువాల్లాంటి ర్యాకులు, ర్యాకుల నిండా సర్వర్లు. కొత్త మేనేజరు చేరి పది రోజులైంది. ఈ నెలాఖరుకి కంపెనీ డేటా అంతా దాచే కొత్త స్టోరేజ్ మెషీన్ దిగుతోంది. దానికి చోటు ఖాళీ చేయించి చూపిస్తానని అతను డైరెక్టర్ గారి ముందు ఛాతీ విరుచుకుని మాటిచ్చాడు. చూపించకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదని ఆయన నవ్వుతూనే చెప్పారు.

తీరా చూస్తే గదిలో చీమ దూరే సందు లేదు. పీకగలిగినవి ఆ మూడు పాత మెషీన్లే. పాత మేనేజరు వదిలి వెళ్ళిన జాబితాలో వాటి ఉపయోగం దగ్గర ప్రశ్నార్థకం పెట్టి ఉంది.

"ఒక పద్ధతుంది సర్. కేబుల్ పీకేద్దాం. ఎవరు అరిస్తే మెషీన్ వాళ్ళది. ఎవరూ అరవకపోతే ఎవరిదీ కాదు," అంది అసిస్టెంటు. ఆమె చేరి నెలన్నర.

మేనేజరుకి ఈ పద్ధతి తెగ నచ్చింది. సోమవారం పొద్దున్నే మూడు కేబుళ్ళూ పీకి, చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

అప్పుడే అతని చూపు మూలాయన మీద పడింది.

గది బయట మూలలో కూర్చుంటాడు కాబట్టి మూలాయన. యాభై దాటిన మనిషి. ఉద్యోగమేమిటని అడిగితే, "చూసుకుంటుంటానండీ," అంటాడు. ఏం చూసుకుంటాడో చెప్పడు, ఒక్క రిపోర్టూ రాయడు. సగం రోజు ర్యాకుల వెనకే తిరుగుతుంటాడు. అక్కడ చల్లగా ఉంటుంది కాబోలు అనుకున్నాడు మేనేజరు.

నాలుగో కేబుల్ కూడా పీకేస్తే పోలా అనిపించింది. వెంటనే ఆయన్ని పిలిచి, వారం రోజులు సెలవు తీసుకోమన్నాడు.

మూలాయన బిత్తరపోయాడు. సెలవు అడగలేదు కదండీ అన్నాడు. అడగని సెలవే అసలైన సెలవని మేనేజరు నచ్చజెప్పాడు.

"ఫోన్ కూడా ఆపేయండి. హాయిగా ఉండండి."

"ఫోన్ కూడానా అండీ? మరి ఎవరికైనా..."

"అన్నీ నేను చూసుకుంటాను."

మూలాయన ఫోన్ ఆపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఎవరూ అరవలేదు. మంగళవారం కూడా ఎవరూ అరవలేదు. కిటికీలోంచి చూస్తే వాకిట్లో మోటార్లు నింపుకున్న లారీలు గేటుదాకా బారులు తీరి ఉన్నాయి. వ్యాపారం బ్రహ్మాండంగా ఉందే అనుకున్నాడు మేనేజరు.

లిఫ్టులో కలిసినవాళ్ళు అతన్ని జాలిగా చూశారు. "పాపం, ఎంత శ్రమపడుతున్నారో," అని ఒకాయన భుజం తట్టాడు. రెండో అంతస్తు నుంచి ఎవరో కాఫీ కూడా పంపించారు. చేరి పది రోజులకే ఇంత గౌరవమా అని అతను పొంగిపోయాడు.

బుధవారం కూడా నిశ్శబ్దంగా గడిచాక ఇక ఆగలేకపోయాడు. గురువారం పొద్దున మెషీన్లు మూడూ విప్పించి, వాటి డిస్కులన్నీ ఒకే అట్టపెట్టెలో పోయించాడు. సిబ్బంది విభాగం చేత ఉద్యోగం తీసేసిన కాగితం మీద సంతకం పెట్టించి, ఇక రానక్కర్లేదని మూలాయనకి మెసేజ్ పంపాడు. ఒక పెద్ద పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాడు.

మధ్యాహ్నం రెండో అంతస్తు నుంచి డిస్పాచ్ సెక్షన్ ఆవిడ వచ్చింది.

"ఇంకా ఎంతసేపు పడుతుంది సర్?"

"ఏది?"

"రిపేరు. సోమవారం నుంచీ అడ్రసు స్లిప్పులు రావడం లేదు. సరుకు ఎక్కడికి తోలాలో తెలియక లారీలన్నీ వాకిట్లోనే ఉన్నాయి. డ్రైవర్లు పేకాడుకుంటున్నారు."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "మరి ఎవరూ అరవలేదే?"

ఆవిడ నొచ్చుకుంది. "అరవకపోవడమేమిటి సర్? రోజుకి నలభైసార్లు ఫోన్ చేశాం. స్విచాఫ్. ఆ నంబరు పలకలేదంటే మెషీన్ విప్పి పెట్టి ఉంటారని, మధ్యలో కదిలించకూడదని ఓపిక పట్టాం."

అసిస్టెంటు అట్టపెట్టెలోకి చూసి నీరుగారిపోయింది. పాత మెషీన్లలో ఏ డిస్కు ఏ గూట్లోదో మళ్ళీ ఆ గూట్లోనే పెట్టాలి, వరస తప్పితే అడ్రసులు దక్కవు. ఆ వరస ఎవరూ రాసుకోలేదు.

"ఏ నంబరు?" అన్నాడు మేనేజరు.

ఆవిడ అతన్ని పైకి తీసుకెళ్ళింది. ప్రతి కంప్యూటరు పక్కనా ఒక కాగితం అతికించి ఉంది. కంప్యూటర్ ఆగితే ఈ నంబరుకు ఫోన్ చేసి అరవండి అని రాసి ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి. పదకొండేళ్ళుగా ఆరంతస్తులవాళ్ళూ ఆ నంబరుకే అరుస్తున్నారట. ఎంత అరిచినా అటునుంచి ఎదురు మాట వచ్చేది కాదట, పావుగంటలో పని మాత్రం అయిపోయేదట.

"ఎవరాయన?"

"తెలియదు సర్. అరిచేవాళ్ళం, పేరేం అడుగుతాం?" అంది ఆవిడ, కాస్త సిగ్గుపడుతూ.

మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. మెషీన్ల గుట్టంతా, డిస్కుల వరసతో సహా ఆ మనిషికి తెలిసే ఉంటుంది. ఫోన్ పలికేదాకా చేస్తూనే ఉంటాను, కాళ్ళు పట్టుకునైనా తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెడతాను అనుకుంటూ జేబులోంచి ఫోన్ తీశాడు.

తొమ్మిది అంకెలు గబగబా నొక్కి పదోది కూడా నొక్కగానే, ఆ పొద్దున మెసేజ్ పంపేటప్పుడు తన చేత్తోనే సేవ్ చేసుకున్న పేరు తెరమీద కనబడింది: మూలాయన.