పసుపు సుడి

రేసు కార్ల కోసం చేసే కొత్త రెక్కలన్నిటినీ ముందు ఊళ్లో టాక్సీలకు బిగించి, గాలికి ఎలా ఆగుతాయో చూసే రోజులవి. బెజవాడలో టాక్సీ తోలే నాంచారమ్మ ఆ ఉదయం వచ్చిన రెక్కకూ అలవాటుగా తడిపసుపు రాసి గుంటూరు వెళ్లొచ్చింది. ఎప్పుడూ గాలికి తిన్నగా వెనక్కి సాగే పసుపు ఈసారి ఎడమ మూల సుడి తిరిగింది. ఆమె రెక్కలు చేసే కంపెనీకి ఫోన్ చేసింది.

"ఈ మూల గాలి తంతంది బాబూ. రెక్క ఊడొచ్చేస్తది."

"మా లెక్కల్లో బాగానే ఉందమ్మా. పసుపు తుడిచి ఇచ్చెయ్యండి. రేపే రేసు, మా డ్రైవరమ్మాయి ఎదురుచూస్తోంది."

తుడవడానికి తీసిన గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. కారు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, మళ్లీ ఫోన్ చేసింది.

"రేపు దీన్ని పెట్టుకుని తోలే పిల్లకి అమ్మ ఉందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"ఆవిడ నంబరియ్యి."