అమీబా ఒళ్లు చేసింది

ఒక మడుగులో ఒక అమీబా ఉండేది. ఒళ్లంతా కలిపి ఒకే కణం. ఆ కణానికి ఇంటిపెద్ద కేంద్రకం. తాతల నాటి రాతలన్నీ తన దగ్గరే ఉన్నాయని దానికి మహా గీర.

ఆ కణంలోనే ఒక నీటిబుడగ ఉండేది. పొరలోంచి లోపలికి ఊరే నీళ్లను పట్టి బయటికి చిమ్మడం, పొద్దస్తమానం అదే దాని పని.

"ఊరిన నీళ్లు చిమ్మడం కూడా ఒక పనేనా? మైటోకాండ్రియా వండిన శక్తంతా నువ్వే మింగేస్తున్నావు. మానెయ్," అంది ఒకరోజు కేంద్రకం.

నీటిబుడగకి మనసు చివుక్కుమంది. "మీ చిత్తం అయ్యగారూ," అని ఓ మూల కూర్చుంది.

మధ్యాహ్నానికల్లా అమీబా ఉబ్బింది. కేంద్రకం మురిసిపోయింది. బాగా ఎదిగాక రెండుగా చీలడం ఆ వంశాచారం. అందుకని ముహూర్తం పెట్టించి, రెండు సగాల్లో ఏది అన్న, ఏది తమ్ముడు అని తేల్చే పనిలో పడింది.

"ఇది ఎదుగుదల కాదండీ, నీళ్లు. ఇంకాసేపుంటే చిరిగిపోతాను," అని మూలిగింది పొర.

"పెద్దింట్లో ఆ మాత్రం బిగువు ఉంటుంది, ఓర్చుకో."

పొర పిగులుతుంటే నీటిబుడగ చూస్తూ ఊరుకోలేకపోయింది. ఎవరినీ అడక్కుండా నీళ్లన్నీ పట్టి చిమ్మేసింది. పొర ఊపిరి పీల్చుకుంది.

కేంద్రకం చుట్టూ చూసి నిట్టూర్చింది. "నిక్షేపంలా ఒళ్లు చేశాం. దీన్ని పనిలోకి రానిచ్చామో లేదో, చిక్కి సగమైపోయాం."

జవాబు చెబుదామంటే నీటిబుడగ నోటినిండా అప్పటికే నీళ్లు.