పన్ను లేని దేశం

సంపాదన మీద పన్ను లేని దేశంలోనే కాపురం పెట్టాలని మా అయ్యగారు తేల్చేశారు. వాళ్ళు విమానమెక్కితే నా డ్రైవరు ఉద్యోగం గోవిందా.

కారులో వెనక సీట్లో ఆయన తల్లిగారు. ఆవిడ నోట్లో మిగిలింది ఒక్కటే పన్ను. అద్దంలో చూస్తూ మెల్లగా ఊదాను.

"పెద్దమ్మగారూ, అది పన్ను లేని దేశమటండీ. దిగగానే మీది పీకేస్తారట!"

ఇంటికెళ్ళగానే ఆవిడ సోఫాలో బైఠాయించారు. "నా పన్ను పీకే దేశానికి చచ్చినా రాను!"

అయ్యగారు ఎంత చెప్పినా వినలేదు. తల్లిని వదల్లేక ఆయన టికెట్లు రద్దు చేశారు.

మర్నాడు కారెక్కగానే ఆవిడ నా చెవి మెలేశారు. "పన్నంటే టాక్సని నాకు తెలీదట్రా, వెధవా? ఇష్టం లేదంటే వినని కొడుకు, వెర్రిదాన్నయితే విన్నాడు. ఇక పళ్ళ డాక్టరు దగ్గరికి పోనియ్. ఈ పన్ను నెల్లాళ్ళుగా ఒకటే సలుపు!"