కొసరు

"ఇంకొకణ్ణి కొసరెయ్యి గురూ, బేరం ముగిద్దాం" అన్నాడు ఫోన్లో బ్రిస్బేన్ క్లబ్బువాడు.

ఆటగాళ్ల మార్పిడికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఏడున్నరకి గడువు.

గావన్ థ్రెల్‌ఫాల్ గోడమీది తెల్లబోర్డు వైపు చూశాడు. ఆ మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఎవరిని ఉంచాలో, ఎవరిని వదలాలో తేల్చేది అతనే. బోర్డు నిండా పేర్లున్న అయస్కాంతపు బిళ్లలు.

నడిమధ్యన కిప్ వాల్డెక్. ఎక్కడో పడమటి ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు. పదేళ్లకొకడు పుట్టే రకం. మే నెలలో ఇంటిబెంగ పట్టుకుని పోతానన్నవాడు ఎలాగో నిలబడ్డాడు. తన మాటల మహిమేనన్నాడు కోచ్. తన వైద్యమేనంది క్లబ్బు డాక్టరమ్మ. రేపు పొద్దున మూడేళ్ల ఒప్పందం మీద వాడు సంతకం పెట్టాలి. క్లబ్బు ఆశలన్నీ ఆ సంతకం మీదే.

అట్టడుగున డెస్ హాకింగ్. ఆరేళ్లలో తొమ్మిదంటే తొమ్మిది ఆటలు.

"హాకింగ్‌ని తీసుకో."

"ఎవడు వాడు?"

"నాకూ సరిగ్గా తెలీదనుకో. గొడవలేని మనిషి."

ఇద్దరూ నవ్వుకున్నారు. అసలు కంటే కొసరు ముద్దంటారు గానీ, ఆ కొసరు మొహం ఎవరూ చూడలేదు.

డెస్ వచ్చి కుర్చీ అంచున కూర్చుని సంగతి విన్నాడు.

"ఒప్పుకోకపోతే?"

"నెలాఖరుకి జాబితాలోంచి తీసేస్తాం. అక్కడైతే ఇంకో ఏడాది ఆట మిగులుతుంది."

"రేపు వెళ్తే కుదరదా బాస్? ఇవాళ బుధవారం. ఆల్టోనా జెట్టీ మీద చేపలు పట్టాలి."

గావన్‌కి నవ్వాగలేదు.

"ఊరు మారుతూ చేపలేంటయ్యా! బ్రిస్బేన్‌లో నీళ్లు లేవా? రేపు పొద్దున్నే అక్కడ డాక్టరు పరీక్ష. ఈ సాయంత్రం ఆరింటికే నీ విమానం."

"చేపల కోసం కాదు..."

"మరి?"

డెస్ కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"అది నేను చెప్పే సంగతి కాదు బాస్."

సంతకం పెట్టేశాడు.

ఆరేళ్లున్న చోటు ఖాళీ చెయ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బూట్ల సంచీ భుజాన వేసుకుని ఒక్కడే గేటు దాటాడు. వెళ్లొస్తానని చెప్పడానికి ఎవరూ ఎదురుపడలేదు.

ఏడూ ఇరవైకి కాగితాలు వెళ్లాయి. గావన్ డెస్ బిళ్ల పీకి సొరుగులో పడేసి, బీరు సీసా మూత తీశాడు.

గడువు దాటిన పావుగంటకి కిప్ తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో నీలం బకెట్. ఎర వాసన గదంతా కమ్మింది.

"డెస్‌ని ఇచ్చేశారట?"

"అవునోయ్! బదులుగా ఎవడొస్తున్నాడో తెలుసా? నువ్వు బంతి కొడితే గాల్లోనే అందుకోవడానికి ఆరడుగుల ఏడంగుళాల..."

"బకెట్ నువ్వుంచుకో అని మెసేజ్ పెట్టాడు. ఫోన్ చేస్తే పలకడం లేదు."

"విమానంలో ఉంటాడు. చేపలకేం భాగ్యం, వచ్చేవారం నేనొస్తాగా!"

కిప్ బకెట్ కింద పెట్టాడు.

"మేలో నేను నిజంగానే ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయాను గావన్. మీకెవరికీ తెలీదు. అక్కడ డెస్ కూర్చునున్నాడు, పక్కన పెట్టె."

"డెస్సా? ఎందుకు?"

"ఆట మానేసి టాస్మేనియాలో, బర్నీలో వాళ్లింటికి పోతున్నాడు. ఇక్కడ తనతో మాట్లాడే దిక్కే లేదన్నాడు."

అతనిది బర్నీ అని గావన్‌కి అప్పుడే తెలిసింది.

"నన్ను చూసి తన టికెట్ రద్దు చేసుకున్నాడు. 'ఈ బుధవారానికి చేపలు పడదాం, పై బుధవారం ఇద్దరం కలిసే పోదాం' అన్నాడు. అప్పట్నుంచి ప్రతి బుధవారం అదే మాట."

గావన్ చెయ్యి తెలీకుండానే ఫోన్ మీదికి పోయింది. ఎవరికి చేస్తాడు? గడువు దాటిపోయింది.

"కిప్, రేపు పొద్దున మన సంతకం..."

"ఇవాళ ఆ మాట చెప్పేవాడు లేడుగా" అన్నాడు కిప్ కళ్లు తుడుచుకుంటూ, "పొద్దున మా ఊరి విమానానికి నేను టికెట్ తీసేసుకున్నాను."