పక్క సీటు

"మేడం, దయచేసి కట్ చేయొద్దు. క్రెడిట్ కార్డు గురించి ఒక్క నిమిషం..."

"నాకే కార్డూ వద్దు! రేపు ఉద్యోగ మేళా ఉండాది. నన్ను ఇడ్చిపెట్టండి!"

నేత్ర దాదాపు అరిచింది. పొద్దుటి నుంచి అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూలో తన గురించి చెప్పాల్సిన అవే ఇంగ్లీషు వాక్యాలు చెప్పుకుంటోంది. సగం దాకా వచ్చేసరికి తడబడి, మళ్ళీ మొదటికి వస్తోంది. గాంధీనగర్ హాస్టల్ గదిలో తక్కిన రెండు మంచాలూ ఖాళీ. తన ఊరు హచ్చొళ్ళి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె ఫోను మోగేది ఇలాంటి కాల్స్‌కే.

అవతలి అమ్మాయి గొంతు తగ్గింది.

"మేళానా? భయమైతాందా అక్కా?"

అక్కా అన్న మాట విన్నాక నేత్రకు ఫోను పెట్టేయబుద్ధి కాలేదు.

"నేను చెప్పేది స్వల్ప వింటావా పాపా? ఈడ వినేవాళ్ళెవరూ లేరు."

"చెప్పక్కా."

నేత్ర ఆ ఇంగ్లీషు వాక్యాలన్నీ గడగడా చెప్పేసింది.

"ఇది నీ గురించి కాదక్కా. యాడో చదివింది ఒప్పజెప్తాండావు. నువ్వు చేసిన పని ఏదన్నా చెప్పు."

"నేనేం చేసినాను... మా ఊర్లో కరెంటు పోతే ఆఫీసుకు నేనే ఫోన్ చేస్తా. లైన్‌మన్ వచ్చేదాకా వాళ్ళను ఇడ్చిపెట్టను."

"అదే చెప్పు మరి! నవ్వుతా చెప్పు. నవ్వేది గొంతులో తెలుస్తాది."

ఆ అమ్మాయి మళ్ళీ చెప్పించింది. తడబడితే ఆపి, ఇంకోసారి చెప్పించింది. చివరికి ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ గదిలో తన నవ్వు నేత్రకే కొత్తగా వినిపించింది.

"నీ పేరేంది పాపా?"

"హారతి. మా ఆఫీసు ఈ ఊర్లోనే అక్కా. మావాళ్ళు గూడా మేళాకు వస్తాండారు."

మర్నాడు నేత్ర వేరే స్టాళ్ళ వైపు చూడనే లేదు. హారతి ఫోన్లో చెప్పిన కంపెనీ బోర్డు వెతుక్కుని వరుసలో నిలబడింది. నిలబడినంతసేపూ మధ్యాహ్నం ఆమెతో కలిసి అన్నం తినడం గురించే ఆలోచించింది. తన వంతు వచ్చాక, మేనేజర్ నాగరాజ్‌కు కరెంటు ఆఫీసు సంగతి నవ్వుతూ చెప్పింది. ఆయన కూడా నవ్వాడు.

"ఆయ్తు, సరే. నీలాంటోళ్ళే మాకు కావాల. సోమవారం నుంచి వచ్చేయమ్మా."

నేత్ర కళ్ళు మెరిశాయి.

"సార్, ఒక్క మాట. మీ ఆఫీసులో హారతి అని ఉండాది కదా, ఆమె పక్క సీటు ఇస్తారా నాకు?"

నాగరాజ్ తరువాతి మనిషిని రమ్మని చెయ్యి ఊపుతూ అన్నాడు:

"పక్కదెందుకు, ఆమె సీటే నీకు. నిన్న సాయంత్రమే ఆమెను తీసేసినాం. కార్డు సంగతి ఇడ్చిపెట్టి, ఎవరికో ఫోన్లో ఇంటర్వ్యూ నేర్పిస్తా కూర్చునింది."