పగ వదిలిన పూట

"ఆ ఇంటి పేరు నా గుమ్మంలో ఎత్తావంటే, ప్రెకన్నా, నీ తెల్లజుట్టు కూడా చూడను!"

జెలోష్ అరుపుకి పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. ప్రెక్ నొచ్చుకోలేదు. చేతికర్ర గోడకి ఆనించి, పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి కొండెక్కి ఈ ఇంటికి రావడం ఇది పన్నెండోసారి.

జెలోష్ భార్య డిలా కాఫీ తెచ్చి ముందు పెట్టింది. ప్రెక్ ముట్టలేదు. పగ మాన్పించడానికి వచ్చిన పెద్దమనిషి, ఆ ఇంటివాళ్ళు ‘వదిలేశాం’ అనేదాకా కాఫీ తాగకూడదు. అల్బేనియా కొండల్లో అది కట్టుబాటు. పదకొండుసార్లు ఆ కాఫీ చల్లారి పెరటి పాలైంది.

"ఊఁ, అడుగు మరి!" అన్నాడు జెలోష్. "తొమ్మిదేళ్ళ కింద నీళ్ళ వంతు దగ్గర నా టోమాని కాల్చి చంపిన ఫ్రాన్‌ని క్షమించమని అడుగు. నోరు పడిపోయిందా?"

"అడగను. పోయింది నీ కొడుకు, నా కొడుకు కాదు."

"మరెందుకొచ్చావ్? చలి కాచుకోడానికా?"

"టోమా గురించి ఏమైనా చెప్తావేమోనని."

ప్రెక్ తీరే అది. ‘ఏదో ఆవేశంలో జరిగింది, మరిచిపో’ అన్న మాట అన్నిసార్లలో ఒక్కసారీ అతని నోట రాలేదు. తిట్టించుకునేవాడు. తిట్లు అయిపోయాక కూడా కదలకుండా కూర్చునేవాడు.

"తొమ్మిదేళ్ళుగా నాలుగ్గోడల మధ్య దాక్కున్నాడు పిరికి వెధవ. ఇంట్లో ఉన్నవాణ్ణి ముట్టకూడదు గానీ, గడప దాటితే కాలుస్తాను. దాటకుండా మంచం మీద హాయిగా చచ్చాడా, వాడి కొడుకుని కాలుస్తాను. వాడికిప్పుడు పదిహేడు. తండ్రి పోతే పగ కొడుకు మీదికే వస్తుంది. ఆ కట్టుబాటు నేను పెట్టింది కాదు!"

"కాదు, నువ్వు పెట్టింది కాదు" అన్నాడు ప్రెక్. "టోమా సాయంత్రాలు మేకల్ని తోలుకొస్తుంటే లోయంతా వినపడేది. ఎలా పిలిచేవాడు వాటిని?" అని అడిగాడు.

చెప్పడానికి జెలోష్ నోరు తెరిచాడు. రాలేదు. పెదాలు సున్నాలా చుట్టి గాలి వదిలి చూశాడు. అదీ కాదు.

"హుర్ర్... హూయ్, హూయ్!" వంటింటి గుమ్మంలోంచి డిలా సన్నగా పిలిచింది. "చివర్లో గొంతు పైకి లేపేవాడు. మీకేం గుర్తుంటుందిలెండి. తొమ్మిదేళ్ళూ ఆ కిటికీలో కూర్చుని ఆ ఇంటి తలుపే చూస్తిరి. చచ్చిన కొడుకుని నేనొక్కదాన్నే తలుచుకోవాల్సి వచ్చింది."

జెలోష్ గోడకి జారగిలబడ్డాడు.

"కళ్ళు మూసుకుంటే వాడి మొహమే కనపడుతోందన్నా" అన్నాడు జెలోష్ చివరికి. "ఆ ఫ్రాన్‌గాడి మొహం. నా బిడ్డ మొహం రావట్లేదు. ఎంత తలుచుకున్నా రావట్లేదు."

ప్రెక్ అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఎలా ఉన్నాడు వాడు, ఆ ఫ్రాన్?" అని అడిగాడు జెలోష్.

"బయటికి రాడు."

"నా మాటెత్తితే ఏమంటాడు?"

"ఏమీ అనడు, జెలోష్."

జెలోష్ మొహం తుడుచుకుని లేచాడు. "వదిలేశాను పో. ఫ్రాన్ మీద పగ వదిలేశాను."

"ఒక్క ఫ్రాన్ పేరునే కాదు తమ్ముడూ. ఆ ఇంటి మగవాళ్ళందరి పేరునా అను."

"అందరెందుకు?"

"పుండు సగం కడిగి కట్టు కట్టకూడదు."

జెలోష్ భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. "ఆ ఇంట్లో పుట్టిన మగవాళ్ళందరి మీదా పగ వదిలేశాను. నా టోమా సాక్షి. తాగన్నా, కాఫీ తాగు."

ప్రెక్ చల్లారిన కాఫీ మడ్డితో సహా తాగేశాడు. కప్పు దించి కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళ శ్రమ ఫలించిన సంతోషం కాబోలు అనుకున్నాడు జెలోష్.

"పద, వాడి ఇంటికే పోదాం. నా కళ్ళముందు ఎండలోకి రమ్మను. వాడి చెయ్యి పట్టుకుంటాను. మళ్ళీ నా మనసు మారకముందే కానివ్వాలి."

వాగు దాటితే ఫ్రాన్ ఇల్లు. దారంతా జెలోష్ ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాడు. టోమా చిన్నప్పుడు ఈ వాగులోనే జారిపడి చెప్పు పోగొట్టుకున్నాడట. చెప్తూ చెప్తూ నవ్వాడు కూడా. ప్రెక్ మాత్రం అడుగుల మీదే చూపు పెట్టి నడిచాడు.

ఇంటి ముందుకు రాగానే ప్రెక్ టోపీ తీసి చేత్తో పట్టుకుని తల దించుకున్నాడు. ఎందుకో జెలోష్‌కి అర్థం కాలేదు.

"ద్రానే! తలుపు తియ్యమ్మా, నేను జెలోష్‌ని. తుపాకీ తేలేదు. మీ ఆయన్ని రమ్మను. పగ వదిలేశాను."

గడియ తీసిన చప్పుడైంది. ఫ్రాన్ భార్య ద్రానె తలుపు జానెడు తెరిచింది. పువ్వుల గౌను, ఎర్ర తలగుడ్డ. మనిషి మాత్రం ఎండిపోయి ఉంది. ముందు ప్రెక్ మొహం చూసింది, తర్వాత జెలోష్ చేతులు చూసింది.

"నిజంగానా, బాబాయ్?"

"నిజం తల్లీ" అన్నాడు జెలోష్.

"నా పిల్లాడి మీద కూడా?"

"వాడి మీద కూడా. మాటిచ్చాను. దేవుడొచ్చి చెప్పినా మార్చను."

ద్రానె తలుపు బార్లా తీసింది.

"అయితే ఇప్పుడు గట్టిగా ఏడవచ్చా, బాబాయ్? ఆయన పోయి మూడేళ్ళయింది."