మీ నాన్న బిగించిన కిటికీ

జూలై తొమ్మిది.

చిట్టీ, నువ్వు వడ్రంగిని పంపకముందే ఈ కార్డు అందాలని వెంటనే రాస్తున్నాను.

ఉద్యోగం పోయినప్పటి నుంచి గోడకేసి చూస్తూ కూర్చున్న మీ నాన్న, నా గదిలో చెదలు తిన్న కిటికీ ఊడదీసి, కొత్తది తానే బిగించాడు. చిన్నప్పుడు పెన్సిలు చెక్కమంటే వేలు చెక్కుకున్న ఘనుడు! చట్రం కుదరకపోతే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గోడే వంకర అన్నాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు రొమ్ము విరుచుకుని.

"దివ్యంగా ఉందిరా. గడియ వీధివైపు పెట్టావు. పడుకోబోయే ముందు ఏ దొంగనో పిలిచి వేయించుకుంటాను."

వాడు తొంగి చూశాడు. నేలమీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తన తెలివితక్కువతనానికి తానే నవ్వుకునేవాణ్ణి ఏమనాలి? ఉద్యోగం పోయాక వాడి నవ్వు వినడం ఇదే మొదలు.

ఇక జరగవలసినవి:

1. వడ్రంగిని పంపవద్దు.

2. కిటికీని వాడే ఊడదీసి, వాడే తిప్పి బిగించాలి.

3. వంటింటి కిటికీ నిక్షేపంలా ఉంది. వాడి పని అయ్యేలోగా దాన్ని నేను పాడుచేస్తాను.